పొగ తగ్గింది సరే, గుండెపోట్లు తగ్గుతాయా?

రోజుకు 20 సిగరెట్లు కాల్చే మనిషి ఒకే ఒక్క సిగరెట్టుకు దిగాడనుకుందాం. లోపలికి వెళ్లే పొగ 95 శాతం తగ్గిపోయింది. మరి గుండె జబ్బు ముప్పు కూడా 95 శాతం తగ్గాలి కదా? తగ్గదు. 141 దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి లెక్కకట్టిన ఒక పరిశోధన 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పొగ తాగని పురుషుడికి గుండె జబ్బు వచ్చే ముప్పును 1 అనుకుంటే, రోజుకు ఒక్క సిగరెట్టు కాల్చేవాడి ముప్పు 1.48, ఇరవై కాల్చేవాడిది 2.04 అని అందులో తేలింది. అంటే ఇరవై సిగరెట్లు తెచ్చిపెట్టే అదనపు ముప్పులో సగానికి కాస్త తక్కువ, ఆ మొదటి సిగరెట్టుతోనే వచ్చేస్తోంది.

నిప్పు పెట్టకుండా పరికరంతో వేడిచేసి పీల్చే పొగాకు (వేడిచేసే పొగాకు) గురించి నడుస్తున్న వాదనలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే లెక్క ఇదే. ఈ ఉత్పత్తుల్లో హానికర రసాయనాలు సిగరెట్టుతో పోలిస్తే సగటున 90 నుంచి 95 శాతం తక్కువని తయారీదారులు చెబుతారు. వినేవాడి చెవికి అది ‘గుండెపోటు ముప్పు 95 శాతం తక్కువ’ అన్నట్టుగా చేరుతుంది. ఎవరూ ఆ మాట అనలేదు, కానీ చాలామంది అలాగే అర్థం చేసుకుంటున్నారు. రసాయనాల తగ్గుదలకూ జబ్బు తగ్గుదలకూ మధ్య ఉన్న దూరం ఎంతో తెలియకుండా, ఒక దేశ జనాభా మీద వీటి ప్రభావం మంచిదో చెడ్డదో తేల్చలేం.

ముందు వస్తువు సంగతి. సిగరెట్టు పీల్చినప్పుడు కొన దగ్గర నిప్పు 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. వేడిచేసే పొగాకులో నిప్పు ఉండదు. పొగాకును పొడిచేసి, గ్లిజరిన్ వంటివి కలిపి, పల్చని రేకుగా మార్చి చుట్టిన పొట్టి పుల్లను బ్యాటరీతో నడిచే గొట్టంలో పెడతారు. ఫిలిప్ మోరిస్ సంస్థ తయారుచేసే ఐకాస్ అనే పరికరం దాన్ని సుమారు 350 డిగ్రీల వరకు వేడిచేస్తుంది, మరికొన్ని ఇంకా తక్కువ వేడితో పనిచేస్తాయి. బ్లేడుతో వేడిచేసే పాత నమూనాలో వాడేసిన పుల్లను విప్పి చూస్తే బూడిద కనిపించదు. ముదురు గోధుమరంగుకు తిరిగిన పొగాకు, మధ్యలో బ్లేడు దిగినచోట మాడిన నల్లటి చార కనిపిస్తాయి. ఇది ఇ-సిగరెట్టు కాదు. ఇ-సిగరెట్టులో ఉండేది ద్రవం, ఇందులో ఉండేది అసలైన పొగాకు ఆకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలోని దేశాలు 2018లో జెనీవాలో సమావేశమై వీటిని పొగాకు ఉత్పత్తులుగానే గుర్తించాయి.

నిప్పు లేకపోవడం వల్ల లాభం లేదని కాదు. కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గిపోతుంది. హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేసే ఆ వాయువు తగ్గడం గుండెకు నిజమైన మేలు. దీన్ని తక్కువచేసి మాట్లాడేవారు తమ వాదనను తామే బలహీనపరుచుకుంటారు. అయితే అన్నీ అదే దామాషాలో తగ్గడం లేదు. 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఐకాస్ ఆవిరిని పరీక్షిస్తే, మామూలు సిగరెట్టు పొగలోని నికోటిన్‌లో 84 శాతం, ఘాటైన విష రసాయనం ఆక్రోలిన్‌లో 82 శాతం ఇందులోనూ కనిపించాయి. కొలిచిన పద్ధతి సరిగా లేదని తయారీ సంస్థ అభ్యంతరం చెప్పింది. ఆ వివాదాన్ని పక్కనపెట్టినా, ఫిలిప్ మోరిస్ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు స్వయంగా సమర్పించిన గణాంకాలనే 2018లో కాలిఫోర్నియా పరిశోధకులు మళ్లీ చదివి, 56 పదార్థాలు సిగరెట్టు పొగలో కంటే ఐకాస్ ఆవిరిలోనే ఎక్కువ ఉన్నాయని చూపించారు. తగ్గినవాటి జాబితా ఎంత నిజమో, పెరిగినవాటి జాబితా కూడా అంతే నిజం.

ఇక రక్తనాళం దగ్గరకు వెళ్దాం.

గుండె జబ్బుకు తొలి అడుగు పడేది రక్తనాళాల లోపలి పొరలో. ఆ పొర ఆరోగ్యాన్ని కొలిచే పరీక్ష చాలా సరళంగా ఉంటుంది. ముంజేతికి పట్టీ కట్టి, రక్తపోటు చూసేటప్పటిలాగే గాలి నింపి, ఐదు నిమిషాలు రక్తం ఆపేస్తారు. పట్టీ వదలగానే రక్తం ఒక్కసారిగా ఉరకలేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నాళం ఆ ఒరవడికి స్పందించి నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేసి, వెడల్పవుతుంది. ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌లో మిల్లీమీటరులో చిన్న భాగాలుగా కొలుస్తారు. పొగ తాగినవాడి నాళం మొండికేస్తుంది, సాగాల్సినంత సాగదు. ఇలాంటి కొలతే ఎలుకల్లో తీసుకుని, 2018లో ప్రచురించిన ప్రయోగంలో, ఐకాస్ ఆవిరి కొద్దిసేపు తగిలినా రక్తనాళాల స్పందన సిగరెట్టు పొగ తగిలినప్పటితో దాదాపు సమానంగా దెబ్బతింది. మనుషుల మీద ఇటలీలో జరిగిన, 2019లో ప్రచురితమైన చిన్న ప్రయోగంలో 20 మంది పొగతాగేవారికి సిగరెట్టు, ఇ-సిగరెట్టు, వేడిచేసే పొగాకు వేర్వేరు రోజుల్లో ఇచ్చి చూశారు. మూడూ రక్తనాళాల సాగుదలను తగ్గించాయి, మూడూ రక్తపోటునూ ఆక్సీకరణ ఒత్తిడినీ పెంచాయి. సిగరెట్టు కంటే మిగతా రెండూ కాస్త నయమనిపించాయి. ఆ ‘కాస్త నయం’ అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. రసాయనాల పట్టికలో కనిపించే 95 శాతం తేడా, నాళం గోడ దగ్గరకు వచ్చేసరికి ‘కాస్త’గా మిగిలింది.

కారణం ఊహించడం కష్టం కాదు. నికోటిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది, హృదయ ధమనులను బిగిస్తుంది. ఆక్రోలిన్ వంటివీ సన్నని కణాలూ నాళాల లోపలి పొరను రెచ్చగొట్టి, రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లను అంటుకునేలా చేస్తాయి. ఈ స్పందన పుట్టడానికి పెద్ద మోతాదు అవసరం లేదు. ఇంట్లో మరొకరు కాల్చే పొగను పీల్చినంత మాత్రానే గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెప్పింది. పక్కవాడి పొగ ద్వారా ఒంట్లోకి వెళ్లే మోతాదు, స్వయంగా కాల్చేవాడితో పోలిస్తే ఎంత చిన్నదో ఆలోచించండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మోతాదుతో పాటు దాదాపు సరళరేఖలా పెరుగుతుంది. గుండె విషయంలో అలా కాదు. మొదట్లోనే నిటారుగా ఎక్కి, ఆ తరువాత మందగిస్తుంది. కాబట్టి పై నుంచి సగం దూరం దిగివచ్చినా క్యాన్సర్‌లో దక్కినంత లాభం గుండెకు దక్కదు.

ఫిలిప్ మోరిస్ సంస్థ స్వయంగా జరిపిన ఆరు నెలల ప్రయోగం ఈ సంగతినే ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. 984 మంది పొగతాగేవారిని రెండు వర్గాలుగా విడదీసి, కొందరిని ఐకాస్‌కు మార్చి, మిగతావారిని సిగరెట్టుతోనే ఉంచి ఎనిమిది కొలమానాలను పోల్చారు. ఐదింటిలో గణాంకాల ప్రకారం స్పష్టమైన మెరుగుదల కనిపించింది. మంచి కొలెస్ట్రాల్, తెల్లరక్తకణాల సంఖ్య, ఊపిరి బలం, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ కారక పదార్థపు ఆనవాలు ఆ ఐదు. స్పష్టమైన తేడా చూపలేకపోయిన మూడూ ఏమిటంటే రక్తనాళపు లోపలి పొర ప్రేరేపణ, ప్లేట్‌లెట్ల చురుకుదనం, ఆక్సీకరణ ఒత్తిడి. ఆ మూడూ మంచి దిశలోనే కదిలాయని సంస్థ చెప్పింది, అది నిజమే. కానీ ధమనిలో గడ్డ కట్టే ప్రక్రియకు అతి దగ్గరగా ఉన్న మూడు కొలమానాలే గీత దాటలేకపోవడం నాకు యాదృచ్ఛికంగా తోచడం లేదు.

ఎఫ్‌డీఏ నిర్ణయం కూడా సరిగ్గా ఈ చీలిక మీదే నిలబడింది. 2020 జులైలో ఐకాస్‌ను ‘హానికర రసాయనాల తాకిడిని తగ్గించే ఉత్పత్తి’గా ప్రచారం చేసుకోవడానికి అనుమతిచ్చింది. ‘జబ్బుల ముప్పును తగ్గించే ఉత్పత్తి’ అన్న ప్రచారానికి ఒప్పుకోలేదు, ఆధారాలు చాలవంది. వార్తల్లో మాత్రం చాలాచోట్ల మొదటి సగమే కనిపించింది.

తాకిడి తగ్గితే జబ్బు తగ్గుతుందన్న భరోసా ఒకసారి జనాన్ని ఘోరంగా మోసం చేసింది. ‘లైట్’ సిగరెట్లు వచ్చినప్పుడు యంత్రాలతో కొలిస్తే తారు తక్కువే వచ్చేది. కాల్చేవారు మాత్రం మరింత లోతుగా పీల్చారు, ఫిల్టరులోని గాలి రంధ్రాలను వేళ్లతో మూసేశారు, ఎక్కువ కాల్చారు. కోట్లమంది మానేయాల్సిన సమయంలో వాటికి మారి, జాగ్రత్తపడ్డామనుకున్నారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2001లో అన్నీ బేరీజు వేసి, దశాబ్దాల ఆ మార్పు జనం ఆరోగ్యానికి ఒరగబెట్టిందేమీ కనిపించలేదని తేల్చింది. వేడిచేసే పొగాకు అచ్చంగా అలాంటిదే అనడం లేదు. ఇందులో తగ్గుదల నిజమైనదే, యంత్రం కనికట్టు కాదు. కానీ ఆ అనుభవం ఉండగా, రసాయనాల పట్టిక చూపించి జబ్బు సంగతి నమ్మమనడం అన్యాయం.

జనాభా స్థాయిలో చూడాలంటే

ఒక మనిషి సంగతి వేరు, ఒక దేశం సంగతి వేరు. దేశం గురించి మాట్లాడాలంటే జపాన్‌కు మించిన ప్రయోగశాల లేదు. ఐకాస్ 2014 నవంబరులో నగోయాలో మొదలై, 2016లో దేశమంతా విస్తరించింది. అదే ఏడాది ఇలాంటి పరికరాలనే జపాన్ టొబాకో ప్లూమ్ టెక్ పేరుతో ఫుకువోకాలో, బ్రిటిష్ అమెరికన్ టొబాకో గ్లో పేరుతో సెండాయ్‌లో తెచ్చాయి. నికోటిన్ ద్రవం ఉన్న ఇ-సిగరెట్లు అక్కడ మామూలు దుకాణాల్లో అమ్మరు కాబట్టి రెండు ప్రభావాలు కలిసిపోయే బెడద కూడా తక్కువ. మామూలు సిగరెట్ల అమ్మకాలు అంతకు ముందు నుంచే తగ్గుతున్నాయి. వేడిచేసే పొగాకు వచ్చాక ఆ తగ్గుదల మరింత వేగం పుంజుకుందని 2022లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష గుర్తించిన రెండు అధ్యయనాలు చెప్పాయి. అదే సమీక్ష చెప్పిన మరో రెండు సంగతులు అంతగా ప్రచారం కాలేదు. అందులో చేరిన 11 నియంత్రిత ప్రయోగాలకూ డబ్బు పెట్టింది పొగాకు సంస్థలే. వేడిచేసే పొగాకు వల్ల ఎంతమంది సిగరెట్టు మానేశారో కొలిచిన ప్రయోగం వాటిలో ఒక్కటీ లేదు.

సిగరెట్ల అమ్మకాలు పడిపోయాక, ఆసుపత్రుల్లో గుండె జబ్బు కేసులు కూడా తగ్గాయా అన్నది తరువాతి ప్రశ్న. పొగాకు సంస్థ ఉద్యోగులే జపాన్ ఆసుపత్రుల గణాంకాలతో ఇలాంటి విశ్లేషణలు ప్రచురించారు. ఆ పద్ధతి సూటిగానే ఉంటుంది. ఉత్పత్తి రాకముందు చేరికల గీత ఎలా నడిచింది, వచ్చాక ఎలా వంగింది అని చూడటం. ఇబ్బంది ఏమిటంటే, ఆ గీతను వంచే చేతులు చాలా ఉన్నాయి. జనాభా వయసు పెరుగుతోంది. కొలెస్ట్రాల్, రక్తపోటు మందుల వాడకం మారుతోంది. 2018 నుంచి పొగాకు పన్నులు విడతలవారీగా పెరిగాయి. 2020 ఏప్రిల్‌లో మూసి ఉన్న బహిరంగ ప్రదేశాల్లో పొగ మీద ఆంక్షలు పూర్తిగా అమలులోకి వచ్చాయి, అదే సమయానికి కోవిడ్ కూడా వచ్చి జనం ఆసుపత్రి గడప తొక్కడానికే భయపడ్డారు. వీటిలో దేని వాటా ఎంత అన్నది గీతను చూసి చెప్పలేం. పైగా ఆ గణాంకాల్లో మనుషులు ఉండరు, మొత్తాలే ఉంటాయి. గుండెపోటు తప్పించుకున్నవాడు ఐకాస్ వాడినవాడో, అసలు మానేసినవాడో, ఎన్నడూ ముట్టనివాడో ఆ మొత్తాలు చెప్పవు.

గుండె మీద పొగ ప్రభావం త్వరగా తగ్గుతుందన్నది వాస్తవం. అందుకే ఇలాంటి విశ్లేషణలు చేయాలన్న ఆశ పుడుతుంది. అమెరికాలో హెలెనా అనే చిన్న పట్టణం 2002లో బహిరంగ ప్రదేశాల్లో పొగను నిషేధించిన ఆరు నెలల్లో గుండెపోటు చేరికలు 40 నుంచి 24కు పడిపోయాయి. తరువాత పెద్ద జనాభాలో చూసినకొద్దీ ఆ లాభం చిన్నదవుతూ వచ్చింది. 2006 నిషేధం తరువాత స్కాట్లాండ్‌లో కనిపించిన తగ్గుదల 17 శాతం. ఆ స్కాట్లాండ్ అధ్యయనాన్ని నేను మెచ్చుకోవడానికి కారణం మరొకటి. వారు ఆసుపత్రి మొత్తాలతో సరిపెట్టుకోలేదు. ఒక్కో రోగినీ పొగ అలవాటు గురించి అడిగారు, రక్తం తీసి నికోటిన్ ఆనవాలైన కోటినిన్‌ను కొలిచారు. తగ్గిన కేసుల్లో మూడింట రెండు వంతులు పొగ తాగనివారివేనని అప్పుడే తెలిసింది.

వేడిచేసే పొగాకు విషయంలో మనుషులవారీగా చూసిన పెద్ద అధ్యయనం దక్షిణ కొరియా నుంచి 2021లో వచ్చింది. ప్రభుత్వ ఆరోగ్య పరీక్షలకు 2014–15లోనూ, మళ్లీ 2018లోనూ వచ్చిన 50 లక్షలకు పైగా పురుషుల వివరాలను 2019 దాకా అనుసరించారు. ఇ-సిగరెట్లనూ వేడిచేసే పొగాకునూ కలిపి ఒకే వర్గంగా లెక్కించారు, అది దాని పరిమితి. సిగరెట్టు కొనసాగించినవారి కంటే మానేసినవారి ముప్పు తక్కువగానే ఉంది. కానీ అయిదేళ్లలోపు మానినవారిలో, కొత్త ఉత్పత్తులకు మారినవారి ముప్పు వేటినీ ముట్టనివారి కంటే 31 శాతం ఎక్కువ. అయిదేళ్లకు పైగా దూరంగా ఉండి మళ్లీ ఈ ఉత్పత్తుల వైపు వచ్చినవారిలో 70 శాతం ఎక్కువ. మొదటి అంకె అసలు విలువ ఉండగల పరిధి 1 శాతం నుంచి 70 శాతం దాకా విస్తరించి ఉంది, కాబట్టి 31 అన్న సంఖ్యను శిలాశాసనంలా పట్టుకోకూడదు. దిశ మాత్రం కనిపిస్తోంది.

ఇక్కడే లెక్క ఎలా తారుమారవుతుందో చూడండి. ఇవి ఊహించిన అంకెలు, విషయం అర్థం కావడానికే. పదేళ్లలో పొగ తాగని వందమందిలో 10 మందికి, తాగే వందమందిలో 20 మందికి గుండెపోటు వస్తుందనుకుందాం. పరికరానికి పూర్తిగా మారితే ఆ అదనపు పదిలో సగం పోతుందనుకుందాం. వందమంది పూర్తిగా మారారు, కాబట్టి అయిదు గుండెపోట్లు తప్పాయి. బాగుంది. అయితే ఈ వందమందిలో 40 మంది, ఆ పరికరమే లేకపోయి ఉంటే మొత్తంగా మానేసేవారే అనుకోండి. వారి వల్లే నాలుగు గుండెపోట్లు ఎలాగూ తప్పి ఉండేవి. పరికరం తెచ్చిన అసలు లాభం ఒక్కటి. ఎన్నడూ పొగ తాగని, లేదా ఎప్పుడో మానేసిన 20 మంది ఈ పరికరంతో అలవాటులోకి దిగితే ఆ ఒక్కటి కూడా చెల్లిపోతుంది. పరికరాన్ని, సిగరెట్టును రెండూ వాడేవారిని ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు. రోజుకు ఇరవై నుంచి పదికి దిగినవాడికి ఆ నిటారు రేఖ మీద దక్కేది చాలా తక్కువ. అలాంటివారు వాడకందారుల్లో చాలా పెద్ద భాగం.

లాభనష్టాలు ఒకే సమయంలో కనబడకపోవడం ఇందులో మరో చిక్కు. యాభై ఏళ్లవాడు సిగరెట్టు వదిలితే, వచ్చే ఏడాదికే గుండె జబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుంది, ఆ ఫలితం ఆసుపత్రి లెక్కల్లోకి త్వరగానే చేరుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు ఈరోజు పరికరం పట్టుకుంటే, దాని ఫలితం అదే లెక్కల్లోకి చేరడానికి పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి మొదటి పదేళ్ల గణాంకాలు ఎంత నిజాయితీగా సేకరించినా లాభం వైపే మొగ్గుతాయి. నష్టం పద్దులోని మనుషులకు ఇంకా గుండెపోటు వచ్చే వయసు రాలేదు.

దీనికి ఎదురుగా నిలిచే బలమైన ఆధారం స్వీడన్‌లో ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అక్కడ స్నస్ అనే తడి పొగాకును పెదవి కింద పెట్టుకుంటారు. నికోటిన్ దండిగా అందుతుంది, కానీ ఊపిరితిత్తుల్లోకి ఏమీ వెళ్లదు. ఎనిమిది స్వీడిష్ అధ్యయనాలను కలిపి 2012లో లెక్కకడితే స్నస్ వాడేవారికి గుండెపోటు వచ్చే ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. నికోటిన్ ఒక్కటే దోషి కాదని ఇది గట్టిగా చెబుతోంది. కథ అక్కడితో ఆగలేదు. గుండెపోటు వచ్చాక స్నస్ మానేసినవారిలో మరణాలు, కొనసాగించినవారి కంటే దాదాపు సగమే ఉన్నాయని 2014లో మరో స్వీడిష్ బృందం చూపించింది. వేడిచేసే పొగాకును స్నస్‌తో పోల్చి ధైర్యం చెప్పేవారు మరచిపోయేది ఒకటుంది. ఇది పెదవి కింద పెట్టుకునేది కాదు, ఊపిరితిత్తుల లోతుకు పీల్చేది.

ఏటా సుమారు 19 లక్షల గుండె జబ్బు మరణాలకు పొగాకే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లెక్క చెప్పింది. ఆ జబ్బుతో జరిగే ప్రతి అయిదు మరణాల్లో ఒకటి. ఆ సంఖ్య కదిలిందా లేదా, కదిలితే ఎవరివల్ల కదిలింది అని తెలియాలంటే అన్నిటికంటే ముందు రోగి కాగితంలో సరైన సమాధానం నమోదు కావాలి. ‘పొగ తాగుతారా?’ అని అడిగితే, రెండేళ్లుగా పరికరం వాడుతున్న మనిషి మనస్ఫూర్తిగా ‘మానేశాను’ అంటాడు. అతని దృష్టిలో అది అబద్ధం కాదు. నిప్పు లేదు, బూడిద లేదు, ఇంట్లో వాసన కూడా తగ్గింది. అనుమానం వచ్చి డాక్టరు ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే గొట్టం ఊదించినా, అందులో కనిపించేది దాదాపు పొగ తాగనివాడి అంకే. అతని పేరు ‘మానేసినవారు’ అన్న గడిలోకి చేరుతుంది. రేపు అతనికి గుండెపోటు వస్తే, అది మానేసినవారి లెక్కలో పడి, మానేయడం వల్ల పెద్ద లాభమేమీ లేదన్నట్టు కనిపిస్తుంది. అలాంటి గడులు లక్షల్లో పేరుకున్నాక ఏ గణాంక పద్ధతీ వాటిని విడదీయలేదు. అందుకే ఆ ఒక్క ప్రశ్న స్థానంలో నాలుగు అడగాలి: ఏం వాడుతున్నారు, రెండూ వాడుతున్నారా, ఎప్పుడు మారారు, మారకముందు ఏం కాల్చేవారు.